కంటికి రెప్ప, ఇంటికి గడియ

సిరుగుప్ప తాలూకాలో, తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డ అని ఒక ఊరుంది. పేరులోని గుడ్డ కన్నడ మాట. మనం గుట్ట అంటాం. 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి, సిరుగుప్ప మైసూరు వైపు ఉండిపోయింది. గీత కాగితం మీద పడింది గానీ నాలుక మీద పడలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడి, సంతలో కన్నడంలో బేరమాడి, రాత్రి నాటకం ఏ భాషలో ఉన్నా తెల్లవారేదాకా కదలకుండా చూసే జనం ఈ ఏటిగట్టు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు.

ఇక్కడ నాటకమంటే పంట ఇంటికొచ్చాక ఆడేది, లేదంటే దేవర జాతరకు ఆడేది. హార్మోనియం మాస్టరు ముందే వచ్చి ఊళ్ళో మకాం వేస్తాడు. పగలంతా మడిలో వంగినవాళ్ళు రాత్రి దీపం కింద పద్యం పట్టుకుంటారు. రైతే దుర్యోధనుడు, కిరాణా కొట్టాయనే శకుని. డ్రస్సులూ పరదాలూ అద్దెకు వస్తాయి. ద్రౌపదికీ కుంతికీ మాత్రం బయటి ఊరి నుంచి డబ్బిచ్చి నటీమణులను పిలిపించుకుంటారు. ఊరి ఆడపిల్ల ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని చూస్తుంది. ఆ చూసేవాళ్ళలో ఎంత బాగా పాడే పిల్ల ఉన్నా స్టేజీ ఎక్కదు. "ఎందుకమ్మా వద్దంటారు?" అని తల్లిని అడిగితే చాలా ఇళ్ళలో వచ్చే జవాబు ఒకటే: "దాని మంచికే నాయనా."

"నీ మంచికే" అన్న ఆ మాట ఎక్కడ మేలు చేస్తుంది, ఎక్కడ కీడుగా తిరుగుతుంది? మన రంగస్థలం నూట పాతికేళ్ళకు పైగా ఈ ప్రశ్నను తిరగేసి మరగేసి ఆడుతూనే ఉంది. ఆడుతున్నది ఇదేనని మాత్రం మనం పెద్దగా గుర్తించలేదు. అతి ప్రేమను మన విమర్శ ఒక దోషంగా లెక్కలోకి తీసుకోలేదు. భాష కూడా అందుకు సాయపడలేదు. కంటికి రెప్పలా, అరచేతిలో పెట్టుకుని, ఎండ కన్నెరగకుండా, కాలు కింద పెట్టనివ్వకుండా అంటూ ప్రేమకు మనం వాడే మెచ్చుకోళ్ళన్నీ ఏదో ఒకటి మూసిపెట్టేవే. రెప్ప కన్నును కాచేది నిజమే. అది తెరుచుకున్నప్పుడే గదా కన్ను చూసేది.

బళ్ళారి నుంచే మొదలుపెట్టడానికి ఊరి మమకారం ఒక్కటే కారణం కాదు. 1880ల చివర ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ పట్నంలో సరస వినోదిని సభ పెట్టి సొంత తెలుగు నాటకాలు ఆడించాడు. కొద్ది కాలానికే కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభతో చారిత్రక నాటకాల దారి పట్టాడు. ఇద్దరూ వకీళ్ళు. వకీలు నాటకం రాస్తే ఇల్లు కూడా కోర్టులా కనిపిస్తుందేమోనని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఎవరు ఫిర్యాదు చేశారు, ఎవరు తీర్పు చెప్పారు, ముద్దాయి మాట విన్నారా లేదా అన్న దృష్టి అది. ధర్మవరం వారు ఎంచుకున్న ఇతివృత్తాలను వరసగా పేర్చి చూస్తే ఇంటిపెద్ద చేసే కాపలా మీద ఒక పూర్తి విచారణ జరిగినట్టే ఉంటుంది. ఆయన అలా అనుకుని రాశాడని నేను అనను. ఆ కథలు పక్కపక్కన నిలబడి అలా మాట్లాడుతున్నాయి.

మొదటిది విషాద సారంగధర. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు, ఆయన పడుచు భార్య చిత్రాంగి, పెద్ద భార్య కొడుకు సారంగధరుడు. ఎగిరిపోయిన పావురం కోసం కొడుకు చిత్రాంగి మేడకు వెళ్ళాడు. ఆమె కోరింది, అతడు కాదన్నాడు, ఆమె నేరం మోపింది. తండ్రి కాళ్ళూ చేతులూ నరికించాడు. పాత కథలో సిద్ధుడొకడు వచ్చి తెగిన అవయవాలు మళ్ళీ ఇప్పిస్తాడు. ఈ నాటకం విషాదంగానే ముగుస్తుంది. ఇది అనుమానం కథ గదా, కాపలా కథ ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. అనుమానం వేరే ఎక్కడి నుంచో ఊడిపడదు. అంతఃపురాన్ని కాపాడాలి, వంశం పరువు కాపాడాలి అన్న పట్టుదల ముదిరితే అదే అనుమానమవుతుంది. రాజు తన ఇంటిని కాపాడుకుంటున్నాననే అనుకున్నాడు. ఇల్లంటే ఆయనకు గోడలూ పేరూ. అందులో ఉన్న మనిషి కనపడలేదు. కొడుకును పిలిచి ఏం జరిగిందని నెమ్మదిగా అడగడానికి పట్టే సమయం ఒక పూట. ఆ పూట ఆయన ఇవ్వలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. చిత్రాంగి తలరాత కూడా ఆమెను అడగకుండా రాసిందే. కొడుకు కోసమని చూసిన పిల్లను తండ్రి తానే చేసుకున్నాడని ఆ కథ చెబుతుంది. అడగని ఇంట్లో నష్టపోయినవాళ్ళు ఒక్కరితో ఆగరు.

రెండోది చిరకారి. భారతం శాంతిపర్వంలోని కథ. గౌతముడు భార్య తప్పు చేసిందని ఆగ్రహించి, ఆమెను చంపమని కొడుక్కి చెప్పి అడవికి పోయాడు. ఆ కొడుకు ఏ పనీ త్వరగా చేసేవాడు కాదు. తండ్రి మాట గొప్పదా, తల్లి ప్రాణం గొప్పదా అని ఆలోచిస్తూ ఆయుధం పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఈలోగా తండ్రికి కోపం దిగి, ఎంత పని చెప్పానురా అని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. భార్య బతికే ఉంది. నెమ్మదిగా ఉండటమే కొడుకు చేసిన మేలు అని కౌగిలించుకున్నాడు. ఒకే రచయిత చేతి మీదుగా ఈ రెండు కథలూ బళ్ళారి రంగం మీదికి వచ్చాయి. ఒకదానిలో తొందర కొడుకును తిన్నది, ఇంకోదానిలో ఆలస్యం తల్లిని బతికించింది. పరువు కాపాడటం పేరుతో చేసే ఏ పనికైనా ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

మూడోది పాదుకా పట్టాభిషేకం. కైకను మనం రాజ్యాశ పట్టిన ఆడదానిగా చూడటానికి అలవాటు పడ్డాం. మంథర ఆమె చెవిలో వేసింది రాజ్యం ఆశ కాదు, బిడ్డ భయం. రేపు రాముడు రాజైతే నీ కొడుకు గతి ఏమిటి అన్నది ఆ మాటల సారం. అది బిడ్డను కాపాడుకోవాలని తల్లి పడిన ఆత్రం. మరి ఆ కొడుకు ఎక్కడున్నాడు? కేకయ దేశంలో, మేనమామ ఇంట్లో ఉన్నాడు. అతణ్ణి ఎవరూ అడగలేదు. రెండు వరాలూ అతని పేరు మీదే ఖర్చయిపోయాయి. తిరిగొచ్చేసరికి తండ్రి లేడు, అన్న లేడు, ఊరంతా తననే అనుమానంగా చూస్తోంది. చివరికి నందిగ్రామంలో నారచీర కట్టుకుని, చెప్పుల జతకు సేవ చేస్తూ పద్నాలుగేళ్ళు గడిపాడు. రాముడు అడవిలో సన్యాసిలా బతికితే భరతుడు ఊరి పక్కనే సన్యాసిలా బతికాడు. ఆ రెండో వనవాసానికి కారణం పూర్తిగా తల్లి ప్రేమే.

ప్రహ్లాద సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తాను. గురువుల కాపలాలో, తండ్రి ఎంచిన చదువులో పెరిగిన పిల్లవాడు తండ్రి వద్దన్నదే తలకెత్తుకున్నాడు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదకు ఆధారం ధర్మవరం వారి నాటకమే. అందులో తల్లి లీలావతి వేషం సురభి కమలాబాయి వేసింది. సురభి మాట మళ్ళీ వస్తుంది.

ఈ వరసలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది సావిత్రీ చిత్రాశ్వం. చిత్రాశ్వుడంటే సత్యవంతుడే. చిన్నప్పుడు గుర్రాల బొమ్మలు గీసేవాడని ఆ పేరు. కథ మనం పతివ్రత కథగా చెప్పుకుంటాం. తండ్రి వైపు నుంచి చూస్తే అది ఇంకో కథ. అశ్వపతి కూతురికి రథమిచ్చి, పెద్దమంత్రులను తోడిచ్చి, వరుణ్ణి నువ్వే చూసుకురా అని పంపాడు. ఆమె ఎంచుకొచ్చిన కుర్రవాడికి ఏడాదే ఆయుష్షు అని నారదుడు చెప్పాడు. ఏ తండ్రికైనా గుండె ఆగే మాట అది. వేరొకణ్ణి చూసుకోమ్మా అని అశ్వపతి కూడా అడిగాడు. ఆమె కాదంది. ఆయన ఒప్పుకుని, తానే కూతుర్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళి పెళ్ళి చేశాడు. హెచ్చరించాడు, వేడుకున్నాడు, విన్నాడు, ఆ తర్వాత అడ్డం తప్పుకున్నాడు. యముడి వెనక నడిచి మాటకు మాట చెప్పగలిగిన సావిత్రి అలాంటి తండ్రి ఇంట్లోనే తయారవుతుంది. కాలు కింద పెట్టనివ్వకుండా పెంచిన పిల్ల యముడి వెంట ఎంత దూరం నడుస్తుంది?

కెంచనగుడ్డ చుట్టుపక్కల జనం ఎక్కువగా చూసేది మాత్రం కురుక్షేత్రం, రాయబారం. అతి ప్రేమ అన్న మాటకు అక్కడ నిలువెత్తు బొమ్మ ధృతరాష్ట్రుడు. కొడుకు తప్పు చేస్తున్నాడని ఆయనకు తెలుసు. విదురుడు చెప్పాడు, భీష్ముడు చెప్పాడు, కృష్ణుడు వచ్చి చెప్పాడు. వాడు నొచ్చుకుంటాడేమోనన్న ఒక్క బాధతో ఆయన అడ్డు చెప్పలేదు. బయటి దెబ్బ తగలనివ్వకుండా కాచేవాళ్ళు కొందరు, లోపలి తప్పుకు దెబ్బ తగలనివ్వకుండా కాచేవాళ్ళు కొందరు. ధృతరాష్ట్రుడు రెండో రకం. ఒకరు చెప్పగా ఒకరు విని మన జనం నోళ్ళలో నిలిచిన ఇంకో కథ, వ్యాస భారతంలో లేనిది, ఇంతకన్నా పదునైనది. యుద్ధానికి ముందు గాంధారి కళ్ళ గంతలు విప్పి కొడుకు ఒంటిని వజ్రంలా చేయాలనుకుంది. సిగ్గుపడి వాడు తొడలు కప్పుకుని వచ్చాడు. భీముడి గద పడింది అక్కడే. తల్లి చూపు పడినచోట ఒళ్ళు ఇనుమైంది గానీ ఆ కొడుకు బతకలేదు. జనం నోట పెరిగిన ఈ ఒక్క ఘట్టంలో అతి కాపలా గురించి చెప్పాల్సినదంతా ఉంది.

నాకు మన రంగస్థలం మీద గట్టి ఫిర్యాదు ఉన్నది ఇక్కడే. నష్టం జరిగాక స్టేజీ మీద ఎవరికి పాట ఇస్తాం? కాపలా కాసినవాళ్ళకే. దశరథుడి విలాపం, ధృతరాష్ట్రుడి విలాపం, కొడుకును నరికించి గుండెలు బాదుకునే రాజుగారి పద్యం. రాగం సాగదీసి పాడితే వన్స్ మోర్ పడుతుంది, హారతి పళ్ళెంలో నోట్లు పడతాయి. చేతులు తెగినవాడికి మిగిలేది రెండు మాటల సంభాషణ. పెద్దల కన్నీళ్ళను చూసి మనం వాళ్ళను క్షమించేసి ఇంటికి పోతాం. తల్లిదండ్రుల దుఃఖం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. ఆ దుఃఖం నాటకంలో సగానికి పైగా చోటు తినేస్తే, అడగకుండా తీర్పు చెప్పిన క్షణం మీద ప్రేక్షకుడి చూపు ఎప్పుడు నిలుస్తుంది?

కోస్తా వైపు ఈ చూపును మొదట నిలబెట్టినవాడు గురజాడ. 1892లో విజయనగరంలో ఆడి, 1909లో పూర్తిగా తిరగరాసిన కన్యాశుల్కంలో తల్లి వెంకమ్మ ఉంది. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు ఇవ్వొద్దని నూతిలో దూకిన మనిషి. అది నిజమైన కాపు. అదే తల్లి కొడుకు వెంకటేశాన్ని పరీక్ష తప్పినా వెనకేసుకొచ్చి, వాడి చదువు పేరు చెప్పి వచ్చిన గిరీశాన్ని ఇంట్లో పెట్టుకుంది. ఒకే తల్లి, ఒకే ప్రేమ. ఒకచోట ప్రాణం మీదికి తెచ్చుకుని బిడ్డను నిలబెట్టింది, ఇంకోచోట బిడ్డ అబద్ధాలకు గొడుగు పట్టింది. గురజాడ ఆమెను తిట్టలేదు, దేవతనూ చేయలేదు. ఇక ఆ ఇంట్లో ఉన్న బాలవితంతువు బుచ్చమ్మ సంగతి చూడండి. ఆమెకు తిండికీ నీడకూ లోటు లేదు. ఆమె మనసులో ఏముందని అడిగినవాళ్ళు మాత్రం ఇంట్లో లేరు. ఆమెతో ఆమె జీవితం గురించి కూర్చుని మాట్లాడిన మొదటి మనిషి ఆ గిరీశమనే మోసగాడు. కాపలా పెట్టి మాట్లాడటం మానేసిన ప్రతి ఇంటికీ ఇదే జరుగుతుంది. బయటివాడి తేనెమాటలకు బలమొచ్చేది ఇంట్లోవాళ్ళ మౌనం వల్లే. చివరికి బుచ్చమ్మ పూనా వితంతు శరణాలయానికి చేరడం, చదువుకోబోవడం నాటకంలో చిన్న సంగతిలా జరిగిపోతుంది. నాకైతే అది ఆ నాటకంలో తలుపు తెరుచుకున్న చప్పుడు.

1920ల మొదట్లో కాళ్ళకూరి నారాయణరావు రాసిన వరవిక్రయం తీరు వేరు. పురుషోత్తమరావు మంచి తండ్రి. కూతురు కాళింది మంచి సంబంధంలో సుఖపడాలని భూమి అమ్మి కట్నం కట్టడానికి సిద్ధపడ్డాడు. తన కోసం ఇల్లు కూలిపోతోందని ఆ పిల్ల లోలోపల నలిగి ప్రాణం తీసుకుంది. కట్నం దురాచారం మీద నాటకమని మనం సరిగ్గానే చదువుతాం. కాని చెల్లెలు కమల వైపు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కమల నోరు విప్పుతుంది, కొనుక్కున్న మొగుణ్ణి సరుకులాగే లెక్కకడుతుంది, కోర్టు దాకా పోతుంది. ఇల్లు అదే, తల్లిదండ్రులు వాళ్ళే. ఒకరు తల్లిదండ్రుల త్యాగాన్ని మౌనంగా మోసి కూలిపోయారు, ఇంకొకరు ఆ త్యాగంతోనే తగువు పెట్టుకుని నిలిచారు. నీ కోసం అంతా ధారపోశాం అన్న మాట పిల్లల మీద ఎంత బరువుగా పడుతుందో తెలిసేలా ఇవాళ కోచింగ్ హాస్టళ్ళలో పిల్లల్ని చేర్చి వచ్చే అమ్మానాన్నలకు ఆ నాటకాన్ని మళ్ళీ చూపించాలని ఉంది.

ప్రపంచ రంగస్థలాన్ని కూడా ఇక్కడ పలకరించాలి. కోలాచలం వారు 1908లోనే ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో రాసింది బళ్ళారిలో కూర్చునే. ఇబ్సెన్ నాటకం గోస్ట్స్ 1881 నాటిది. అందులో తల్లి, తండ్రి దుర్మార్గం కొడుక్కి తెలియకూడదని చిన్నప్పుడే దూరం పంపి, గౌరవం అనే గోడ కట్టింది. దాచిన నిజమే రోగమై కొడుకు ఒంట్లో తేలింది. స్పెయిన్ కవి లోర్కా 1936లో రాసిన బెర్నార్డా ఆల్బా ఇల్లు నాటకంలో భర్త పోయిన తల్లి ఐదుగురు కూతుళ్ళను ఎనిమిదేళ్ళ మైల పేరుతో ఇంట్లో బిగిస్తుంది. చిన్నది ప్రాణం తీసుకుంటుంది, తల్లి అప్పుడు కూడా పరువు గురించే కేక వేస్తుంది. మన రాజరాజ నరేంద్రుడు స్పెయిన్‌లో ఆడదై పుట్టినట్టుంటుంది.

వీటికన్నా నన్ను ఎక్కువగా కదిలించేది టాగోర్ డాక్‌ఘర్. మాధవదత్తు పెంచుకుంటున్న అమల్ అనే కుర్రవాడు జబ్బు పడ్డాడు. బయటి ఎండా గాలీ తగలకూడదని వైద్యుడు గదిలో పెట్టించాడు. పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని పెరుగమ్మేవాడితో, కావలివాడితో, పూలు కోసే సుధతో మాట్లాడతాడు. ఎదురుగా కొత్తగా వచ్చిన పోస్టాఫీసు నుంచి తనకు రాజుగారి ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తాడు. మాధవదత్తులో చెడు రవ్వంత లేదు, ఆయన ప్రేమలో కల్తీ లేదు. గది మాత్రం గదే. ఆఖరికి రాజవైద్యుడు వచ్చి చెప్పే మొదటి మాట తలుపులూ కిటికీలూ అన్నీ తెరవమని. 1942 జులైలో వార్సా ఘెట్టోలో యానుష్ కోర్చాక్ తన అనాథ పిల్లల చేత ఈ నాటకమే ఆడించాడు. కొద్ది వారాలకే నాజీలు ఆయననూ పిల్లలనూ ట్రెబ్లింకా మరణ శిబిరానికి తీసుకుపోయారు. తప్పించుకునే దారి మూసుకుపోయిన చోట ఆయన పిల్లల చేతికి ఒక కిటికీ ఇచ్చాడు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు మాట పెగలదు.

పక్కింటి కన్నడంలో గిరీశ్ కార్నాడ్ నాగమండల ఉంది, 1988 నాటిది. అప్పణ్ణ పెళ్ళాం రాణిని ఇంట్లో పెట్టి తాళం వేసి పోవడం అందరికీ గుర్తుంటుంది. నాకు గుర్తుండేది కురుడవ్వ. కళ్ళు లేని ఆ తల్లిని కొడుకు కప్పణ్ణ వీపు మీద మోసుకుని తిరుగుతాడు. ఆమె వాడి పేరు పిలుస్తూనే ఉంటుంది, కన్ను మరుగైతే తట్టుకోలేదు. ఒక రాత్రి కొడుకు ఎవరి పిలుపుకో లేచి వెళ్ళిపోతాడు. తర్వాత ఆమె ఊళ్ళన్నీ వాడి పేరు పిలుచుకుంటూ తిరుగుతుంది. ఎవరు ఎవరిని మోశారో ఆ నాటకం మనకు చెప్పకుండా వదిలేస్తుంది.

నాటకాలు చూసింది చాలు, మనుషుల సంగతేమిటి అంటే, మనస్తత్వ శాస్త్రం కూడా ఈ దారిలో కొంత నడిచింది. డేవిడ్ లెవీ తల్లుల అతి సంరక్షణ మీద 1943లోనే పుస్తకం రాశాడు. నాకు బాగా ఉపయోగపడింది మాత్రం 1979లో గోర్డన్ పార్కరూ ఆయన సహచరులూ తయారుచేసిన ప్రశ్నావళి. పెద్దవాళ్ళైనవారిని, పదహారేళ్ళు వచ్చేదాకా మీ అమ్మానాన్నలు మీతో ఎలా ఉండేవారని 25 ప్రశ్నలు అడుగుతుంది. పన్నెండు ఆదరణ గురించి, పదమూడు కాపలా గురించి. ప్రేమ ఎక్కువైతే కాపలా అవుతుందని మనం అనుకుంటాం. వాళ్ళు రెండింటినీ వేరువేరు కొలతలుగా పెట్టారు. ఆదరణ నిండుగా ఉండి కాపలా తక్కువగా ఉన్న ఇల్లు ఉంటుంది. ఆదరణ లేకుండా కాపలా ఒక్కటే ఉన్న ఇల్లూ ఉంటుంది. అశ్వపతి ఇల్లు మొదటిది, రాజరాజ నరేంద్రుడి ఇల్లు రెండోది, మాధవదత్తు ఇంట్లో రెండూ నిండుగా ఉన్నాయి. కాపలా తగ్గిస్తే ప్రేమ తగ్గినట్టని భయపడే తల్లిదండ్రులకు ఈ ఒక్క తేడా తెలిస్తే చాలా బరువు దిగుతుంది.

పల్లెల్లో తల్లిదండ్రుల భయాన్ని ఊహ అని కొట్టిపారేయలేం. హైస్కూలు దూరం, బస్సు టైముకు రాదు, చీకటిపడ్డాక దారిలో దీపాలుండవు, ఒక పుకారు పుడితే పిల్ల చదువు అక్కడితో ఆగుతుంది. పేదింటి కాపలాకు కారణం అహంకారం కాదు, వెనక ఎవరూ లేరన్న నిజం. ఆ భయాన్ని పంచుకోవడానికి ఊరు ముందుకు రాకుండా తల్లినొక్కదాన్ని తప్పుపట్టడం అన్యాయం.

స్టేజీ మీద ఆడపిల్ల విషయానికే మళ్ళీ వస్తాను. పరువు కాపాడాలని మనం ఆడవాళ్ళను నాటకం నుంచే తీసేశాం. మగవాళ్ళు చీర కట్టి చిత్రాంగిగా ఏడ్చారు, కైకగా కోపగించారు. ధర్మవరం వారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్ళారిలో వకీలుగా స్థిరపడి, 1928లో ఇంగ్లండు కూడా చూసివచ్చిన ఆ మహానటుడు ఈ పద్ధతి మీద గట్టిగా పోరాడాడు. స్త్రీ పాత్ర స్త్రీయే వేయాలన్నాడు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటివారు ఆయన సరసన నటించారు. కుటుంబ స్త్రీ రంగమెక్కితే ఇల్లు చెడుతుందన్న కాలమది. వాళ్ళు ఎక్కారు. 1946లో రాఘవ పోయాడు.

రాయలసీమలో, ధర్మవరం వారు బళ్ళారిలో నాటకాలు మొదలుపెట్టడానికి కొంచెం ముందే, కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కుటుంబం కీచకవధ ఆడింది. అక్కడ అక్కాచెల్లెళ్ళూ కోడళ్ళూ కూతుళ్ళూ అందరూ వేషం కట్టారు. పసిపిల్లలు తెర వెనక ఉయ్యాలలో పెరిగి తెర ముందు ప్రహ్లాదుడయ్యారు. ఇల్లూ స్టేజీ ఒకటైనచోట ఆడపిల్లను ఎవరి కంట పడకుండా దాచాల్సిన పని రాలేదు. తల్లి పక్కనే ఉంది, వేషం వేసుకుని ఉంది. కాపలా వద్దనేవాళ్ళకు నేను ఎప్పుడూ చూపించేది సురభినే. బిడ్డకు తోడు కావాలి. ఆ తోడు గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడాలా, బిడ్డతో పాటు స్టేజీ ఎక్కాలా అన్నదే తేల్చుకోవాల్సింది.

ఇంకో కొత్త నాటకం మన కళ్ళ ముందే జరుగుతోంది, రాసినవాళ్ళు తక్కువ. కాపలా దిశ మారింది. తుంగభద్ర డ్యాము కట్టాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఈ నేలలో క్యాంపులు వేసుకుని వరి పండించిన తరం ముసలిదైంది. పిల్లలు బెంగళూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇంటి నాలుగు మూలలా కెమెరాలు పెట్టారు. నాన్నా, పొలం పోవద్దు. నాన్నా, రాత్రి రిహార్సల్‌కు పోవద్దు, బీపీ ఉంది. నలభై ఏళ్ళు దుర్యోధనుడి కిరీటం పెట్టిన మనిషి వాకిట్లో కుర్చీలో కూర్చుని, ఊరి చివర మైకులో వచ్చే పద్యం వింటాడు. ఫోన్లో అవతల ఉన్న కొడుకు ప్రేమ అబద్ధం కాదు. అది కూడా "నీ మంచికే". ఒకప్పుడు ఆ మాట కూతురికి చెప్పిన తండ్రి ఇప్పుడు అదే మాట వింటున్నాడు. పరిషత్తు నాటికలు ఇల్లు వదిలేసిన కొడుకుల మీద చాలా వచ్చాయి. వదలకుండా బిగించిన కొడుకుల మీద రావాలి.

సిరుగుప్ప వైపు ఏ ఊళ్ళోనైనా వచ్చే జాతరకు కొత్త నాటకం పట్టాలనుకుంటే, చిరకారి కథ ఎత్తుకోమని అడుగుతాను. పాత్రలు తక్కువ, పరదా ఒక్క ఆశ్రమానిది చాలు, డ్రస్సులకు ఖర్చు లేదు. తండ్రి కోపం, కొడుకు ఆలోచన, తండ్రి పరుగు, మూడూ హార్మోనియానికి బాగా పలుకుతాయి. ఒక్క లోటు మాత్రం ముందే చెప్పాలి. ఆయుధం పట్టుకుని కొడుకు గంటలకొద్దీ ఆలోచించాడు, అడవి నుంచి తండ్రి ఏడుస్తూ వచ్చాడు, ఇద్దరూ కౌగిలించుకున్నారు. భారత కథలో ఆ తల్లి మాత్రం ఒక్క మాటా మాట్లాడినట్టు లేదు. ఆమె ప్రాణం గురించే అంతసేపూ చర్చ జరిగింది, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ భాగం ఇంకా రాయాల్సే ఉంది. రాసి, బయటి ఊరి నటిని పిలిపించకుండా, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని పద్యాలన్నీ నోటికి తెచ్చుకున్న ఆ పిల్లకే ఇచ్చి చూడండి. కావాలంటే వాళ్ళమ్మను కూడా రిహార్సల్‌కు రమ్మనండి, హార్మోనియం పక్కన కుర్చీ వేద్దాం.